పాత యూఎస్‌బీ టీవీ ట్యూనర్‌కి ఫర్మ్‌వేర్ కావాలి (పెళ్లి క్యాసెట్ ఎక్కించాలి, అర్జెంటు)

గోదారి_గట్టు | శనివారం రాత్రి 9:42

అందరికీ నమస్కారమండి. మాది తణుకు. అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్ ఒకటి 1991 నుంచి మా బీరువాలో పడుంది. వచ్చే నెల చెల్లి పెళ్లి. ఆలోపు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాలని నా తాపత్రయం. వీసీఆర్ పెదనాన్న గారింట్లో అటక మీద దొరికింది, విచిత్రంగా ఇంకా తిరుగుతోంది కూడా. ఇక నా దగ్గరున్నది ఓ యూఎస్‌బీ టీవీ ట్యూనర్. హాస్టల్లో క్రికెట్ చూడ్డానికి 2009లో సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపుల సముదాయం) కొన్నాను. పెట్టె మీద కంపెనీ పేరే లేదు, "యూఎస్‌బీ 2.0 టీవీ బాక్స్" అని మాత్రం ఉంది. దాంతో వచ్చిన బుల్లి సీడీ గీతలు పడి చదవట్లేదు.

ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ ఉంది. గుచ్చితే లైటు వెలుగుతోంది గానీ బొమ్మ రాదు. డీమెసేజ్‌లో (సిస్టమ్ లాగ్ చూపించే కమాండ్) ఎర్రగా కనబడేది ఇదొక్కటే: "డైరెక్ట్ ఫర్మ్‌వేర్ లోడ్ ఫర్ ఎక్స్‌సీ3028-వీ27.ఎఫ్‌డబ్ల్యూ ఫెయిల్డ్ విత్ ఎర్రర్ -2". ఈ ఫైలు కోసం మూడు వారాలుగా తిరుగుతున్నా. ఒక సైట్లో డౌన్‌లోడ్ నొక్కితే ఈఎక్స్ఈ ఫైలు దిగింది, భయమేసి తీసేశాను. ఎవరి దగ్గరైనా ఉంటే పంపిస్తారా?

పెంగ్విన్_పిడుగు | శనివారం రాత్రి 10:05

తీసేసి మంచి పని చేశారు. ఫర్మ్‌వేర్ పేరు చెప్పి ఈఎక్స్ఈ అంటగట్టే సైట్ల జోలికే వెళ్లొద్దు. ఫర్మ్‌వేర్ అంటే ట్యూనర్ చిప్ లోపల నడిచే కోడ్. మీకు కావాల్సింది కొన్ని కిలోబైట్ల ఉత్త డేటా ఫైలు, మీ కంప్యూటర్లో నడిచే ప్రోగ్రామ్ కాదు.

-2 అంటే కంగారు పడాల్సిందేమీ లేదు, "ఆ పేరుతో ఫైలు ఇక్కడ లేదు" అని అర్థం. ఈ చిప్పుల్లో చాలావాటికి ఫర్మ్‌వేర్ దాచుకునే చోటు ఉండదు. గుచ్చిన ప్రతిసారీ కర్నెల్ (లినక్స్ గుండెకాయ) /లిబ్/ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో వెతికి, ఆ ఫైలు చదివి, చిప్ ర్యామ్‌లోకి పంపిస్తుంది. పీకేస్తే అంతా పోతుంది, మళ్లీ గుచ్చితే మళ్లీ మొదటి నుంచి. అందుకే తప్పు ఫైలు పెట్టినా ట్యూనర్ చచ్చిపోదు, పీకి గుచ్చితే సరి. విండోస్‌లో ఈ డేటా డ్రైవర్ ఫైలు లోపలే ఉంటుంది కాబట్టి మనకి దాని ఊసే తెలియదు.

ఎల్ఎస్‌యూఎస్‌బీలో (గుచ్చిన యూఎస్‌బీ పరికరాల జాబితా ఇచ్చే కమాండ్) మీ ట్యూనర్ లైను, గుచ్చిన తర్వాత వచ్చే డీమెసేజ్ మొత్తం ఇక్కడ పెట్టండి. ఎర్ర లైను ఒక్కటే కాదు, మొత్తం.

వేదిక_కాపలా | శనివారం రాత్రి 10:11

రెండు ముక్కలు. ఒకటి, మన వేదికలో అంతా తెలుగు లిపే, కమాండ్లతో సహా. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషులో కొట్టాలి. పోయిన నెల ఒకాయన "సుడో" అని తెలుగులో కొట్టి పని చేయట్లేదని నన్ను తిట్టిపోశారు. రెండు, పంచిపెట్టడానికి అనుమతి లేని ఫర్మ్‌వేర్ ఫైళ్లు ఇక్కడ జతచేయొద్దు. ఎలా తయారు చేసుకోవాలో చెప్పండి, చాలు.

ఓరుగల్లు_పోరడు | శనివారం రాత్రి 10:38

అన్నా, నాకు కూడ ఇదే లొల్లి అయింది. ఆ ఫైలు మీ డిస్ట్రో (మింట్ అసొంటి లినక్స్ రకం) ప్యాకేజీలల్ల దొరకదు, ఎందుకంటే పంచే హక్కు ఇయ్యలే. మనమే తీసుకోవాలె.

హాపాగ్ అనే టీవీ కార్డుల కంపెనీ వాళ్ల విండోస్ డ్రైవర్ జిప్ ఒకటి ఉంటది. దాంట్ల హెచ్‌సీడబ్ల్యూ85బీడీఏ.ఎస్‌వైఎస్ అని ఒక ఫైలు. లినక్స్ కర్నెల్ సోర్స్‌ల ఎక్స్‌ట్రాక్ట్_ఎక్స్‌సీ3028.పీఎల్ అని పెర్ల్ స్క్రిప్ట్ ఇస్తరు. రెండూ ఒక్క ఫోల్డర్‌ల పెట్టి స్క్రిప్ట్ నడిపిస్తే మీకు కావాల్సిన ఫైలు బయటికొస్తది. ఆ ఎస్‌వైఎస్ ఫైలు వేరే వెర్షన్‌ది అయితే స్క్రిప్ట్ ఎండీ5 (ఫైలు వేలిముద్ర అసొంటిది) చూసి ఒప్పుకోదు, అక్కడ్నే ఆగిపోతది. అది మంచికే. వచ్చిన ఫైలును /లిబ్/ఫర్మ్‌వేర్‌ల ఏసి, ట్యూనర్ పీకి మళ్ల గుచ్చుండ్రి.

ఒక ముచ్చట చెప్తా. ఆ ఒక్క ఫైలుల 80 ముక్కలుంటయి. పాల్‌కు (మన దేశపు అనలాగ్ టీవీ పద్ధతి) ఒకటి, ఎన్‌టీఎస్‌సీకి (అమెరికాది) ఒకటి, డిజిటల్‌కు ఒకటి, గట్ల. మనం చానల్ పద్ధతి మార్చినప్పుడల్ల చిప్‌ల వేరే ముక్క ఎక్కుతది. మొదటిసారి లాగ్‌ల చూసినప్పుడు నాకు మస్తు అనిపించింది.

కేబుల్_మామ | శనివారం రాత్రి 11:20

అబ్బాయ్, ఒకటి అడుగుతా కోప్పడకు. అది టీవీ చూడ్డానికా, క్యాసెట్‌కా? టీవీకైతే ఆ ఆశ వదులుకో. కేబుల్లో అనలాగ్ కాలం అయిపోయింది. హైదరాబాదు, విశాఖలకి 2013 మార్చి 31 అని గడువు పెట్టారు, చిట్టచివరి దశ ఊళ్లకి 2017. ఇప్పుడు వైరులో వచ్చేదంతా డిజిటల్, దానికి తాళం, తాళంచెవి సెట్‌టాప్ బాక్సులో. దూరదర్శన్ వాళ్లు గాల్లో వదిలే పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు కూడా దాదాపు అన్నీ 2022 నాటికి ఆపేశారు. 2016లో 16 నగరాల్లో డీవీబీ-టీ2 (గాల్లో వచ్చే డిజిటల్ టీవీ పద్ధతి) మొదలెట్టారు గానీ నీ 2009 డబ్బాకి ఆ భాష రాదు.

పద్దెనిమిదేళ్లు కేబుల్ నడిపాను. ఇలాంటి డబ్బా ఒకటి నేనూ కొన్నా, మా చానల్లో స్క్రోలింగ్ ప్రకటనలు ఎలా పడుతున్నాయో ఇంట్లోంచి చూసుకోడానికి.

గోదారి_గట్టు | ఆదివారం ఉదయం 8:15

మామగారూ, క్యాసెట్‌కేనండి, టీవీ అక్కర్లేదు.

పోరడు గారు చెప్పినట్టే చేశాను. ఫైలు వచ్చింది! రాత్రి రెండింటిదాకా కూర్చున్నా. ఇప్పుడు -2 పోయింది, "లోడింగ్ 80 ఫర్మ్‌వేర్ ఇమేజెస్" అని కూడా చూపిస్తోంది. కానీ కింద కొత్త గోల: "ఐ2సీ అవుట్‌పుట్ ఎర్రర్", దాని తర్వాత "రీడ్ ఇన్‌వాలిడ్ డివైస్ హార్డ్‌వేర్ ఇన్ఫర్మేషన్ - ట్యూనర్ హంగ్?". బొమ్మ లేదు, నీలం తెర. ఫర్మ్‌వేర్ వెర్షన్ తేడానా? వీ27 కాక వీ36 అని ఇంకోటి ఉందంట కదా, అది పెట్టి చూడనా?

పెంగ్విన్_పిడుగు | ఆదివారం ఉదయం 9:02

వీ36 ఎక్స్‌సీ3028ఎల్ అనే తక్కువ కరెంటు రకానికి, మీకు సంబంధం లేదు. ఇంకో ఫైలు కోసం పరిగెత్తే ముందు ఆగండి. నిన్న నేను లాగ్ మొత్తం అడిగాను, మీరింకా పెట్టలేదు.

గోదారి_గట్టు | ఆదివారం ఉదయం 9:30

క్షమించండి. ఎల్ఎస్‌యూఎస్‌బీ: "ఈబీ1ఏ:2860 ఈఎంపియా టెక్నాలజీ". డీమెసేజ్ చాలా పొడుగుంది, ముఖ్యమైనవి ఇస్తున్నా. ఈఎం28ఎక్స్ఎక్స్ డ్రైవర్ ఎక్కింది, "ఐడెంటిఫైడ్ యాజ్ టెర్రాటెక్ హైబ్రిడ్ ఎక్స్ఎస్ (కార్డ్=11)", ఆ తర్వాత పైన చెప్పిన ఎర్రర్లు.

పెంగ్విన్_పిడుగు | ఆదివారం ఉదయం 9:34

కార్డ్=11 అని దానికి చెప్పిందెవరు?

గోదారి_గట్టు | ఆదివారం ఉదయం 9:51

నేనేనండి. మొదట గుచ్చినప్పుడు "యువర్ బోర్డ్ హ్యాజ్ నో యునీక్ యూఎస్‌బీ ఐడీ" అని వచ్చి, కింద వందకి దరిదాపుల్లో పేర్ల జాబితా వచ్చింది. ఏం చేయాలో తెలియక ఓ వీడియో కింద కామెంట్లో ఎవరో "కార్డ్=11 పెడితే నాకు పనిచేసింది" అంటే అదే పెట్టేశాను. ఆ తర్వాతే ఫర్మ్‌వేర్ అడగడం మొదలెట్టింది.

పెంగ్విన్_పిడుగు | ఆదివారం ఉదయం 10:10

దొరికింది దొంగ.

ఈబీ1ఏ అనేది ఈఎంపియా అనే చిప్పుల కంపెనీ నంబరు. పేరున్న కంపెనీలు ఆ చిప్ కొని తమ సొంత నంబరు రాసుకుంటాయి. పేరు లేని పెట్టెలు తయారుచేసేవాళ్లు రాసుకోరు. చిప్ ఎలా వచ్చిందో అలాగే బిగించేస్తారు. దాంతో ఒకే ఈబీ1ఏ:2860 నంబరు మీద లోపల రకరకాల బోర్డులు ఉంటాయి. డ్రైవర్‌కి తెలియక మిమ్మల్ని అడిగింది, మీరు "నేను టెర్రాటెక్" అని చెప్పారు. టెర్రాటెక్ కంపెనీ ట్యూనర్‌లో ఉండేది ఎక్స్‌సీ3028 కాబట్టి డ్రైవర్ నమ్మి దాని ఫర్మ్‌వేర్ అడిగింది. ఆ చిప్ అసలు ఉందో లేదో చూసుకోకుండానే ఫైలు అడుగుతుంది. ఇప్పుడు ఫైలు ఇచ్చారు, అది చిప్‌కి పంపిద్దామని చూస్తే అవతల పలికేవాళ్లు లేరు. మీ రెండో ఎర్రర్ అదే.

ఓరుగల్లు_పోరడు | ఆదివారం ఉదయం 10:25

అయ్యో, అన్నా! లేని చిప్‌కు రాత్రి రెండింటిదాక ఫర్మ్‌వేర్ తీయించిన నేను. తప్పు నాదే, కార్డు నంబరు అడగలే.

టంకం_బాబాయ్ | ఆదివారం ఉదయం 11:47

ఇప్పుడే చూశాను ఈ చర్చ. అన్నీ సాఫ్ట్‌వేర్ మాటలేనా నాయనా? మూత తియ్యి. రెండు స్క్రూలుంటే రబ్బరు కాళ్ల కింద ఉంటాయి, లేకపోతే అతుకు దగ్గర పాత సిమ్ కార్డు దూర్చి తిప్పు. స్క్రూడ్రైవర్‌తో పొడవకు, అంచు విరుగుతుంది. తీశాక ఒక్కో నల్ల చిప్ మీద అక్షరాలు చదివి రాయి. వెలుతురు పక్కనుంచి పడేట్టు సెల్‌ఫోన్ లైటు పెడితే అక్షరాలు తేలతాయి. లోపల బొటనవేలంత రేకు డబ్బా ఉందా, దానికే యాంటెన్నా సాకెట్ అతికి ఉందా, అది ముఖ్యంగా చెప్పు.

గోదారి_గట్టు | ఆదివారం మధ్యాహ్నం 1:20

తీశానండి. సిమ్ కార్డుతోనే వచ్చేసింది. పదిహేనేళ్ల దుమ్ము, ఒక ఎండిన చీమ. రేకు డబ్బా ఉంది బాబాయ్ గారూ, అగ్గిపెట్టె కన్నా కొంచెం చిన్నది, యాంటెన్నా సాకెట్ దానికే అతికి ఉంది. చిప్పులు మూడు. పెద్దది ఈఎం2860. దాని పక్కన ఎస్ఏఏ7113హెచ్. మూలన చిన్నది ఈఎంపీ202. ఎనిమిది కాళ్లది ఇంకోటి ఉంది, అక్షరాలు అరిగిపోయాయి.

టంకం_బాబాయ్ | ఆదివారం మధ్యాహ్నం 1:41

నీ డబ్బాకి ఫర్మ్‌వేర్ అక్కర్లేదు.

ఆ రేకు డబ్బాయే నీ ట్యూనర్. పాతకాలపు రకం, తీగచుట్టలతో పనిచేస్తుంది. నాలుగైదు బైట్లు పంపి ఫలానా ఫ్రీక్వెన్సీ అంటే అక్కడికి పోతుంది. దానికి ప్రోగ్రామ్ ఎక్కించేదేం లేదు. ఎక్స్‌సీ3028 లాంటివి సిలికాన్ ట్యూనర్లు, గోరంత చిప్. ఆ రేకు డబ్బా పని మొత్తం చిప్ లోపల లెక్కలతో చేస్తాయి, అందుకే వాటికి ఫర్మ్‌వేర్ కావాలి. రేకు డబ్బా కనబడితే ఆ తలనొప్పి దాదాపు ఉండదని నా లెక్క.

ఇంకో మాట. క్యాసెట్‌కి నీకు ఆ ట్యూనర్ కూడా అనవసరం. వీసీఆర్ నుంచి పసుపు వైరు నేరుగా ఎస్ఏఏ7113కి పోతుంది, బొమ్మని అంకెలుగా మార్చేది అదే. శబ్దం ఈఎంపీ202 చూసుకుంటుంది. రెండింటినీ యూఎస్‌బీలోకి తోసేది ఈఎం2860. ఎనిమిది కాళ్లది ఈఈప్రామ్ అనే జ్ఞాపక చిప్, దాని జోలికెళ్లకు. అన్నిటిలో అదొక్కటే శాశ్వతంగా రాసుకునేది, పాడైతే నిజంగా పాడే.

పెంగ్విన్_పిడుగు | ఆదివారం మధ్యాహ్నం 2:03

బాబాయ్ చెప్పింది లాగ్‌లో కూడా సరిచూసుకోవచ్చు. కార్డు నంబరు ఇవ్వకుండా గుచ్చితే డ్రైవర్ ఐ2సీ తీగ (చిప్పులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) మీద ఎవరెవరు పలుకుతున్నారో వెతుకుతుంది. 0ఎక్స్4ఏ దగ్గర పలికితే ఎస్ఏఏ7113, 0ఎక్స్‌బీ8 దగ్గరైతే అదే పని చేసే టీవీపీ5150. మూత తీయడానికి మనసొప్పని వాళ్లు ముందు ఇది చూడండి.

మీకు కావాల్సింది కార్డ్=19, "ఈఎం2860/ఎస్ఏఏ711ఎక్స్ రెఫరెన్స్ డిజైన్". టీవీపీ5150 ఉన్నవాళ్లకి 29. ముందు ఎక్కి ఉన్న డ్రైవర్‌ని దించండి: "సుడో మోడ్‌ప్రోబ్ -ఆర్ ఈఎం28ఎక్స్ఎక్స్". ఏదో వాడుకలో ఉంది అని మొరాయిస్తే ఈఎం28ఎక్స్ఎక్స్_ఆల్సా, ఈఎం28ఎక్స్ఎక్స్_వీ4ఎల్ ముందు దించండి. తర్వాత "సుడో మోడ్‌ప్రోబ్ ఈఎం28ఎక్స్ఎక్స్ కార్డ్=19".

లెస్టర్_తెలుగోడు | ఆదివారం సాయంత్రం 5:30

నాది ఇంకో రకం కథ, ఇందులోనే చెప్పేస్తా. నిజంగా ఫర్మ్‌వేర్ కావాల్సిన కేసు ఇది. ఇక్కడ ఇంగ్లండ్‌లో గాలి టీవీ ఇంకా బతికే ఉంది, మామూలు చానళ్లు డీవీబీ-టీలో, హెచ్‌డీ చానళ్లు డీవీబీ-టీ2లో. "టీ2 వస్తుంది" అంటే పేరు లేని స్టిక్ ఒకటి ఆన్‌లైన్లో కొన్నాను. పాత రాస్ప్‌బెరీ పై అనే బుల్లి కంప్యూటర్‌కి గుచ్చి టీవీహెడ్‌ఎండ్ అనే టీవీ సాఫ్ట్‌వేర్‌లో స్కాన్ చేస్తే మామూలు చానళ్లన్నీ వచ్చాయి, హెచ్‌డీ ఒక్కటీ లేదు. నేను యాంటెన్నా బాగోలేదనుకొని వర్షంలో నిచ్చెనెక్కాను. మా ఆవిడ కింద గొడుగు పట్టుకుని నిలబడి నన్ను తిడుతోంది.

తీరా లాగ్ చదివితే లోపల రెండు డీమాడ్యులేటర్లు (సిగ్నల్‌ని విప్పే చిప్పులు). ఆర్‌టీఎల్2832 అనేది డీవీబీ-టీ చూసుకుంటుంది, దానికి ఫర్మ్‌వేర్ వద్దు. టీ2 చూసుకునేది ఎంఎన్88473, దాని ఫైలు డీవీబీ-డీమాడ్-ఎంఎన్88473-01.ఎఫ్‌డబ్ల్యూ లేదు. డ్రైవర్ పెద్దగా గోల చేయకుండా ఉన్న ఒక్క డీమాడ్యులేటర్‌తో సర్దుకుపోయింది. లిబ్రెఎలెక్ (టీవీ పెట్టెల కోసం చేసిన లినక్స్) వాళ్ల డీవీబీ-ఫర్మ్‌వేర్ సంచయం నుంచి ఆ ఫైలు తెచ్చి పెట్టి రీబూట్ చేస్తే హెచ్‌డీలన్నీ వచ్చి కూర్చున్నాయి. నిచ్చెన ఎక్కినందుకు రెండ్రోజులు జ్వరం.

పెంగ్విన్_పిడుగు | ఆదివారం సాయంత్రం 5:52

మంచి ఉదాహరణ అన్నా. చదివేవాళ్ల కోసం ఒక వరస చెబుతా. ముందు డిస్ట్రో ప్యాకేజీ చూడండి. డెబియన్‌లో ఫర్మ్‌వేర్-మిస్క్-నాన్‌ఫ్రీ, ఉబుంటు, మింట్‌లలో లినక్స్-ఫర్మ్‌వేర్. డిబ్0700, ఐటీ9135, ఎక్స్‌సీ5000 లాంటి చిప్పుల ఫైళ్లు అందులోనే వస్తాయి. ఫోల్డర్‌లో ఫైలు పేరు చివర జెడ్‌ఎస్‌టీ అని ఉంటే బెదరొద్దు, కుదించి పెట్టారు, కర్నెల్ విప్పుకుంటుంది. అక్కడ లేకపోతే లిబ్రెఎలెక్ సంచయం. అదీ లేకపోతే పోరడు చెప్పినట్టు విండోస్ డ్రైవర్ కోయడమే. పేరు మాత్రం లాగ్ అడిగింది అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఒకాయన బ్రౌజర్ తగిలించిన "(1)"తో సహా ఫైలు పెట్టి వారం రోజులు ఏడ్చాడు.

గోదారి_గట్టు | ఆదివారం రాత్రి 8:44

బొమ్మ వచ్చిందండీ!!! కార్డ్=19 పెట్టగానే /డెవ్/వీడియో2 వచ్చింది (0, 1 ల్యాప్‌టాప్ కెమెరావి). వీఎల్‌సీలో తెరిస్తే పందిరి, సన్నాయి వాళ్లు, అంతా కదులుతున్నారు. కానీ నలుపు తెలుపులో. పెళ్లి వీడియో కలర్‌దే, అమ్మ చీర ఎర్రది, నాకు గుర్తు. శబ్దం కూడా లేదు.

టంకం_బాబాయ్ | ఆదివారం రాత్రి 9:00

ఇన్‌పుట్ ఎస్-వీడియోలో ఉంది. అందులో వెలుగు ఒక తీగ, రంగు ఒక తీగ. నువ్వు పసుపు వైరు పెట్టావు, అంటే రెండూ ఒకే తీగలో. వెలుగు మాత్రం చదువుతోంది. ఇన్‌పుట్ 1 చెయ్యి, కాంపోజిట్.

పెంగ్విన్_పిడుగు | ఆదివారం రాత్రి 9:08

"వీ4ఎల్2-సీటీఎల్ -డీ /డెవ్/వీడియో2 --సెట్-ఇన్‌పుట్=1 --సెట్-స్టాండర్డ్=పాల్". ఈ కమాండ్‌లో డీ చిన్నక్షరం. శబ్దం వేరే దారిలో వస్తుంది, అదో ప్రత్యేక సౌండ్ కార్డులా కనబడుతుంది. "ఏరికార్డ్ -ఎల్" కొట్టి చూడండి, ఇక్కడ ఎల్ చిన్నక్షరమే. ఈఎం28ఎక్స్ఎక్స్ పేరుతో ఉంటే ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడియో ఇన్‌పుట్‌గా అదే ఎంచుకోండి.

గోదారి_గట్టు | సోమవారం రాత్రి 10:15

ఎరుపు వచ్చింది. చీర ఎర్రదే.

శబ్దం కూడా వచ్చింది. మధ్యలో ఇంకో తమాషా. పొద్దున రీబూట్ చేస్తే మళ్లీ అదే ఎక్స్‌సీ3028 ఎర్రర్. నా ప్రాణం ఉసూరుమంది. చూస్తే మూడు వారాల కింద నేనే /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డీలో కార్డ్=11 అని లైను రాసి మర్చిపోయాను. దాన్ని 19 చేశా.

ఇప్పుడు ఒకటే ఇబ్బంది. పది నిమిషాలకోసారి బొమ్మ చీలిపోతోంది, ఆకుపచ్చ గీతలు.

పెంగ్విన్_పిడుగు | సోమవారం రాత్రి 10:32

హబ్‌లో గుచ్చారా? తీసేయండి. పాల్ బొమ్మ 720 × 576, పిక్సెల్‌కి రెండు బైట్లు, సెకనుకి 25 ఫ్రేములు. లెక్కేస్తే సెకనుకి 20.7 ఎంబీ, ఎక్కడా కుదించకుండా. యూఎస్‌బీ 2.0లో ఇలాంటి ప్రవాహానికి ఒక పరికరానికి దొరికేది మహా అయితే 24 ఎంబీ. అదే హబ్‌లో హార్డ్ డిస్క్ కూడా పెడితే చీలక చస్తుందా? ల్యాప్‌టాప్‌కి నేరుగా గుచ్చండి, రికార్డింగ్ లోపలి డిస్క్‌లోకి.

అలాగని కుదించకుండా దాచారో, మూడు గంటల క్యాసెట్ 224 జీబీ అవుతుంది. ఎఫ్ఎఫ్‌వీ1 అనే వీడియో ఫార్మాట్‌లో పెట్టండి, నాణ్యత పోదు, సైజు బాగా తగ్గుతుంది. వాట్సాప్‌కి పంపే కాపీ తర్వాత దాన్నుంచి తీసుకోవచ్చు.

కేబుల్_మామ | సోమవారం రాత్రి 11:05

ఇంకో పని, అన్నిటికన్నా ముందు చేయాల్సింది. క్యాసెట్ కిటికీలోంచి చూడు, చుట్ట మీద తెల్లటి పొడలా ఉందా? ఉంటే బూజు. దాన్ని అలాగే తిప్పితే హెడ్డుకి అంటుకుని ఆ తర్వాత పెట్టే క్యాసెట్లకీ పాకుతుంది. బూజు లేకపోతే ఒకసారి చివరిదాకా ముందుకి, మళ్లీ వెనక్కి చుట్టు. ముప్పై ఏళ్లు ఒకే చోట కూర్చున్న టేపు అతుక్కుపోయి ఉంటుంది. చుట్టకుండా ప్లే నొక్కితే తెగే ప్రమాదం. మధ్యలో ఆపి ఆపి చూడకు, ఒకే బిగిన రికార్డు చేసుకో.

గోదారి_గట్టు | గురువారం రాత్రి 9:20

అయిపోయిందండి. రెండు గంటల నలభై నిమిషాలు, ఒకే బిగిన. బూజు లేదు, మామగారు చెప్పినట్టు ముందే చుట్టాను. మధ్యలో ఒక చోట ఓ పది సెకన్లు మంచు కురిసినట్టుంది, టేపే నలిగింది.

అమ్మ పెళ్లి చూడ్డం మానేసి వంటశాల దగ్గర కనబడే మనుషులని లెక్కపెట్టింది. "అదిగో మా మేనత్త, నెయ్యి గిన్నె దాచేస్తోంది చూడు" అని మూడుసార్లు వెనక్కి తిప్పించింది. నాన్న తన మీసం చూసి ఏమీ మాట్లాడలేదు.

మా పెదనాన్న గారి దగ్గర ఇంకో నాలుగు క్యాసెట్లున్నాయంట, ఇప్పుడే ఫోన్.

సీమ_కుర్రోడు | శుక్రవారం ఉదయం 7:50

అన్నా నమస్తే, కర్నూలు. సేమ్ ప్రాబ్లం. పేరు లేని టీవీ స్టిక్, ఈబీ1ఏ:2861. కార్డ్=11 పెట్టినా. ఎక్స్‌సీ3028-వీ27 ఫైలు అడుగుతాంది. ఎవురైనా పంపండన్నా ప్లీజ్.

గోదారి_గట్టు | శుక్రవారం ఉదయం 7:58

తమ్ముడూ, పాత సిమ్ కార్డు ఏమైనా ఉందా ఇంట్లో?